ఏ ఓఎస్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్‌కు) హామీ ఇవ్వాలి? డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న టీములకు ఒక పోలిక

డెమో అయ్యాక కస్టమర్ "ఇది మ్యాక్‌లో కూడా పనిచేస్తుందా?" అని అడుగుతాడు. సేల్స్ మనిషి "ఆఁ, చేస్తుందండీ" అనేస్తాడు. ఆ ఒక్క ముక్కతో ఏడాదికి 99 డాలర్ల యాపిల్ డెవలపర్ సభ్యత్వం, పరీక్షలకు ఒక మ్యాక్, ఏటా కొత్త మ్యాక్ ఓఎస్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి పరీక్షలు, ఫోన్ ఎత్తేవాళ్లకు కొత్త శిక్షణ అన్నీ టీము నెత్తిన పడతాయి. లైసెన్సు ధర మాత్రం అంతే ఉంటుంది.

బిల్లింగ్, క్లినిక్, స్కూలు నిర్వహణ, ల్యాబ్ రిపోర్టులు, డీటీపీ (పేజీల కూర్పు) లాంటి వాటికి హైదరాబాద్‌లో డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే చిన్న టీములను దృష్టిలో పెట్టుకుని రాసిన పోలిక ఇది. డెవలపర్ టూల్స్ చేసేవాళ్ల లెక్క వేరు, దాని గురించి తర్వాత.

నడవడం ఒకటి, హామీ ఇవ్వడం మరొకటి. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపేవాళ్లు ఈ తేడాను మూడు అంచెలుగా రాసిపెట్టారు. మొదటి అంచెలోని ప్లాట్‌ఫారాలు పరీక్షించినవి, పనిచేస్తాయని హామీ ఉన్నవి. రెండో అంచెలో బిల్డ్ అవుతుందన్నంత వరకే, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారవుతుందన్నంత వరకే హామీ. మూడో అంచెకు కోడ్‌లో చోటుంది, హామీ ఏమీ లేదు. అయిదుగురున్న టీముకు కూడా ఈ పద్ధతి సరిపోతుంది. మొదటి అంచె ఓఎస్ అంటే ప్రతి రిలీజ్ ముందు శుభ్రమైన మెషీన్ మీద ఇన్‌స్టాల్ చేసి చూడాలి, అందులో దొరికిన లోపాన్ని ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కింద సరిచేసి పెట్టాలి. ఈ రెండూ చేయలేని ఓఎస్ పేరు బ్రోషర్‌లో వేయకండి.

మీ కస్టమర్ల దగ్గర ఏముందో ముందు తెలుసుకోండి

ప్రపంచ మార్కెట్ వాటాల పట్టికలు ఇక్కడ పనికిరావు. బేగంబజార్ హోల్‌సేల్ కొట్టులో, దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌లో ఏ మెషీన్ ఉందన్నది కావాలి. సొంత వెబ్‌సైట్ అనలిటిక్స్ కూడా ఇందులో సగమే చెబుతుంది. బ్రౌజర్ తన గురించి సైటుకు చెప్పుకునే యూజర్ ఏజెంట్ అనే వరుసలో విండోస్ 11 కూడా "విండోస్ ఎన్‌టీ 10.0" అనే ఉంటుంది. మ్యాక్ మీద క్రోమ్ అయినా సఫారీ అయినా 10.15.7 దగ్గర ఆగిపోయిన వెర్షన్నే చెబుతాయి. క్రోమ్, ఎడ్జ్‌లలో క్లయింట్ హింట్స్ (సైటు అడిగితేనే బ్రౌజర్ ఇచ్చే అదనపు వివరాలు) అడిగితే విండోస్ ప్లాట్‌ఫారం వెర్షన్ వస్తుంది. అది 13 లేదా ఆ పైన ఉంటే విండోస్ 11.

ఇంతకంటే నమ్మదగ్గది మీ ప్రోగ్రామ్ పంపే సమాచారం. అప్‌డేట్ ఉందా అని సర్వర్‌ను అడిగేటప్పుడు ఓఎస్ బిల్డ్ నంబర్, 32 బిట్టా 64 బిట్టా, ర్యామ్ ఎంత అనే మూడు విషయాలు జతచేయండి. కస్టమర్‌కు ముందే చెప్పి చేయండి. బిల్డ్ 22000 నుంచి పైన ఉన్నవి విండోస్ 11. వెర్షన్ అడిగే పాత ఏపీఐని (ఓఎస్ ఇచ్చే ఫంక్షన్‌ను) వాడుతూ, మానిఫెస్ట్‌లో (ప్రోగ్రామ్ తన వివరాలు విండోస్‌కు చెప్పుకునే ఫైలులో) విండోస్ 10 గుర్తింపు చేర్చకపోతే విండోస్ తనను 6.2 అని, అంటే విండోస్ 8 అని చెప్పుకుంటుంది. పట్టికలో విండోస్ 8 వాళ్లు గుంపుగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది మానిఫెస్ట్‌నే.

కౌంటర్ మీది పరికరాలే సగం తీర్పు ఇచ్చేస్తాయి

ఓఎస్ ఎంపికను కోడ్ రాసే భాష నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. చిల్లర వ్యాపారానికి అమ్మే సాఫ్ట్‌వేర్ విషయంలో దాన్ని నిర్ణయించేది థర్మల్ ప్రింటర్, కాటా, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం. వీటి తయారీదార్లు ముందు విండోస్ డ్రైవర్ ఇస్తారు. లినక్స్‌కు ఇస్తే ఉబుంటు అనే లినక్స్ రకంలో ఒక పాత వెర్షన్ కోసం ఇస్తారు. చవక మోడళ్లకు మ్యాక్ డ్రైవర్ ఉందో లేదో కొనే ముందు అడిగి తెలుసుకోవాలి. ఆధార్ వేలిముద్రకు కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ (నమోదైన యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్) ప్రధానంగా విండోస్, ఆండ్రాయిడ్‌లకు దొరుకుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆధార్ ధ్రువీకరణ ఉంటే చర్చ దాదాపు అక్కడికే ముగుస్తుంది.

ప్రింటర్ల దగ్గర మాత్రం తప్పించుకునే దారి ఉంది. నెట్‌వర్క్ పోర్టు ఉన్న థర్మల్ ప్రింటర్‌కు 9100 పోర్టులో నేరుగా ఈఎస్‌సీ/పీఓఎస్ (బిల్లు ప్రింటర్ల భాష) ఆదేశాలు పంపితే ఏ ఓఎస్‌లోనూ డ్రైవర్ అక్కర్లేదు. యూఎస్‌బీ మోడల్ కంటే ధర కాస్త ఎక్కువే. అయినా మూడు ఓఎస్‌లలో డ్రైవర్ గొడవలు తప్పుతాయి కాబట్టి మీ కొటేషన్‌లో ల్యాన్ ప్రింటర్‌నే రాయండి. ఒక జాగ్రత్త: రూటర్‌లో ఆ ప్రింటర్‌కు స్థిరమైన ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) కేటాయించాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన మర్నాడు "బిల్లు రావట్లేదు" అని ఫోన్ వస్తుంది.

కాటా కథ ఇంకాస్త చిక్కు. చాలావరకు అది సీరియల్ పోర్టే, మధ్యలో యూఎస్‌బీ కేబుల్ ఉంటుంది. ఆ కేబుల్ లోపలి చిప్ మీదే అంతా ఆధారపడి ఉంది. పాతదో నకిలీదో అయిన పీఎల్2303 చిప్‌కు విండోస్ 10, 11లలో కొత్త డ్రైవర్ ఎక్కితే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతుంది, లేదా ఈ చిప్‌ను 2012లోనే ఆపేశామన్న అర్థంతో పేరు కనిపిస్తుంది. లినక్స్‌లో అదే కేబుల్ చాలాసార్లు మామూలుగా పనిచేస్తుంది. సీహెచ్340 చిప్‌లకు మామూలుగా సీరియల్ నంబర్ ఉండదు. కేబుల్‌ను పక్క యూఎస్‌బీ రంధ్రంలోకి మార్చగానే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుని పోర్టు పేరును కామ్3 నుంచి కామ్7 చేసేస్తుంది. అందుకే సెట్టింగుల్లో పోర్టు పేరు దాచుకోవద్దు. చిప్ తయారీ సంకేతాలను బట్టి ప్రోగ్రామే పోర్టును వెతుక్కునేలా రాయండి. సీహెచ్340కు ఉబుంటు 22.04లో వేరే తంటా ఉంది: అంధుల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై సేవ దాన్ని బ్రెయిలీ పరికరం అనుకుని లాక్కుంటుంది, పోర్టు కనిపించి మాయమవుతుంది. ఆ సేవ అవసరం లేని చోట తీసేయాలి, యూజర్‌ను డయలౌట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) చేర్చాలి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ కావాలి. ఈ చివరి ముక్క ఇన్‌స్టాల్ చేసేవాళ్లు తరచూ మరిచిపోతారు.

పరీక్షల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కేబుళ్లు కొనేటప్పుడు చిప్ పేరు అడిగి ఎఫ్‌టీడీఐ, సీహెచ్340, పీఎల్2303 మూడూ తలా ఒకటి తెచ్చుకోండి. కస్టమర్ దగ్గర ఏదుందో ఎప్పటికీ మీ చేతిలో ఉండదు.

ఇంటెల్, ఏఎండీలకు బదులు ఆర్మ్ రకం ప్రాసెసర్లున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా షాపుల్లోకి వచ్చాయి. వాటిలో విండోస్ 11 మామూలు 64 బిట్ ప్రోగ్రాములను అనుకరణతో నడిపిస్తుంది. ఓఎస్ లోపలి పొరలో నడిచే కెర్నెల్ డ్రైవర్లకు ఆ సదుపాయం లేదు. మీ యాప్ తెరుచుకుంటుంది, టోకెన్ మాత్రం గుర్తుపట్టదు. వీటిని ఇప్పటికి రెండో అంచెలోనే ఉంచండి.

విండోస్: ఎంత కిందికి దిగాలి

ఇక్కడి చిల్లర వ్యాపారానికి అమ్మేవాళ్లకు విండోస్ వద్దనుకునే అవకాశం లేదు. ఏ వెర్షన్ దగ్గర గీత గీయాలన్నదే ప్రశ్న. కస్టమర్ మీద జాలితో గీత గీస్తే నిలవదు, మీరు వాడే సాధనాలు గీసిపెట్టిన గీతను పట్టుకోండి.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది, 8.1కు 2023 జనవరి 10న. ఆ వెంటనే సాధనాలన్నీ వరసగా దిగిపోయాయి. ఆ విండోస్‌లలో నడిచేవాటిలో క్రోమ్ 109 ఆఖరిది, దాంతోపాటే వెబ్‌వ్యూ2 (యాప్‌లో వెబ్ పేజీ చూపే భాగం) కూడా. వెబ్ పేజీలతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్‌లో 22 ఆఖరిది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో ఇన్‌స్టాలే కాదు. గో భాషకు 1.20, రస్ట్‌కు 1.77 ఆఖరివి. యాప్ తెరలు కట్టే క్యూటీ 6కు విండోస్ 10 కావాలి, 7 మీద నడవాలంటే క్యూటీ 5.15 దగ్గరే ఆగాలి. ఇంకా నిలబడి ఉన్నది డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, అది విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 మీద నడుస్తుంది. 4.8.1 నడవదు.

విండోస్ 7 కోసం ఎలక్ట్రాన్ 22 దగ్గర ఆగిపోతే, భద్రతా లోపాలు తెలిసిన పాత క్రోమియంనే (ఎలక్ట్రాన్ లోపలి బ్రౌజర్‌నే) విండోస్ 11 కస్టమర్లందరికీ కూడా ఇస్తున్నట్టు. అది తగదు. కోడ్‌కు రెండు శాఖలు పెట్టండి: విండోస్ 7కు గడ్డకట్టిన (ఇక పెద్దగా మారని) పాత శాఖ, మిగతావాళ్లకు కొత్తది. పాత శాఖలో పన్ను రేట్లలాంటి తప్పనిసరి మార్పులు తప్ప కొత్త ఫీచర్లు వద్దు.

విండోస్ 7 మెషీన్లలో తరచూ పగిలేది మీ కోడ్ కాకపోవచ్చు. అందులో నెట్ పనులు చూసే విన్‌హెచ్‌టీటీపీ భాగం టీఎల్‌ఎస్ 1.2 అనే సురక్షిత కనెక్షన్ పద్ధతిని తనంతట తాను వాడదు. కేబీ3140245 అప్‌డేట్, రిజిస్ట్రీ మార్పు రెండూ ఉంటేనే వాడుతుంది. ఇవి లేని మెషీన్‌లో ఆన్‌లైన్ సేవలన్నీ "కనెక్షన్ విఫలం" అంటాయి, కస్టమర్ ఇంటర్నెట్ కంపెనీని తిడుతుంటాడు. ఎస్‌హెచ్‌ఏ-2 సంతకాలను గుర్తించే అప్‌డేట్ లేకపోతే కొత్త డ్రైవర్లు కూడా ఎక్కవు.

పాత మెషీన్‌ను ఎందుకు మార్చరో అడిగి చూడండి. చాలాసార్లు కారణం డబ్బు ఒక్కటే కాదు. డాస్ కాలపు ఫాక్స్‌ప్రో బిల్లింగ్ ప్రోగ్రామ్ ఒకటి అదే మెషీన్‌లో ఉంటుంది. 64 బిట్ విండోస్ 16 బిట్ డాస్ ప్రోగ్రాములను నడపదు. విండోస్ 11 అసలు 64 బిట్‌లో తప్ప రాదు. ఆ పాత డేటాను మీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి పెడితే 32 బిట్ విండోస్ సమస్య తనంతట తానే తీరుతుంది. 32 బిట్ బిల్డ్‌ను ఏళ్ల తరబడి మోయడం కంటే డేటా మార్పిడికి ఒకసారి చేసే పని చవక. పైగా యాప్‌లు కట్టే ఫ్లట్టర్ డెస్క్‌టాప్‌లో 32 బిట్ విండోస్‌కు మద్దతు లేదు, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ 23 నుంచి 32 బిట్ విండోస్ బైనరీలు ఆగిపోయాయి.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా, సంస్థలకు డబ్బు కడితే గరిష్ఠంగా 2028 అక్టోబర్ దాకా. సంస్థలకు మొదటి ఏడాది మెషీన్‌కు 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం లేదా తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ కావాలి. ఆరో, ఏడో తరం రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు కొన్న దుకాణాలు కాబట్టి విండోస్ 10లోనే ఉండిపోతాయి. మా సలహా: విండోస్ 10 22హెచ్2 (ఆ ఓఎస్ చివరి వెర్షన్) 64 బిట్‌ను మొదటి అంచెలో ఉంచండి, 32 బిట్‌ను రెండో అంచెకు దించండి, 8.1ని వదిలేయండి. 7కు గడ్డకట్టిన శాఖ చాలు.

ఇన్‌స్టాలర్ మీరే చేశారని రుజువు చేసే డిజిటల్ సంతకం ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. 2023 జూన్ 1 నుంచి కోడ్ సైనింగ్ కీలు హార్డ్‌వేర్ టోకెన్‌లోనో క్లౌడ్ హెచ్‌ఎస్‌ఎంలోనో (కీలు దాచే సురక్షిత పరికరంలోనో) ఉండాలి. యూఎస్‌బీ టోకెన్ తీసుకుంటే అది ఒకరి డెస్క్ దగ్గరే ఉంటుంది, ఆటోమేటిక్ బిల్డ్‌లో పెట్టలేరు. క్లౌడ్ సైనింగ్ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. సంతకం చేసేటప్పుడు టైమ్‌స్టాంప్ సర్వర్ చిరునామా ఇవ్వడం మరిచిపోతే సర్టిఫికెట్ గడువు ముగిసిన రోజున పాత ఇన్‌స్టాలర్ల సంతకాలన్నీ చెల్లకుండా పోతాయి. సంతకం ఉన్నా కొత్త ఫైలుకు నమ్మకమైనదన్న పేరు వచ్చేదాకా విండోస్ హెచ్చరిక సేవ స్మార్ట్‌స్క్రీన్ నీలం తెర అడ్డుపడవచ్చు. పైథాన్ ప్రోగ్రామును పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టితే యాంటీవైరస్‌లు తప్పుగా పట్టుకోవడం ఎక్కువ, ఫోల్డరుగా కట్టి ఇన్‌స్టాలర్‌లో పెట్టండి.

మ్యాక్: కోడ్ సులువే, దాని చుట్టూ ఉన్నదే బరువు

డాక్టర్లు, ఆర్కిటెక్టులు, డిజైన్ స్టూడియోలు మీ కస్టమర్లయితే మ్యాక్‌ను తోసిపుచ్చలేరు. కిరాణా, మెడికల్ షాపులైతే అడిగే ఒకరిద్దరి కోసం మొదలుపెట్టకండి.

మ్యాక్ ఓఎస్‌ను యాపిల్ మెషీన్ల మీద తప్ప వర్చువల్‌గా నడపడానికి లైసెన్సు ఒప్పుకోదు, కాబట్టి మ్యాక్ కొనక తప్పదు. 2024 చివర్లో వచ్చిన ఎం4 మ్యాక్ మినీ 59,900 రూపాయల ధరతో మొదలైంది. బిల్డ్‌కూ పరీక్షకూ అది చాలు. ఒక మ్యాక్ మీద అదనంగా రెండు వర్చువల్ మ్యాక్‌లు నడుపుకోవచ్చు కాబట్టి పాత వెర్షన్లను అందులోనే పరీక్షించవచ్చు. క్లౌడ్‌లో బిల్డ్ చేస్తే మ్యాక్ నిమిషం ధర లినక్స్ నిమిషానికి దాదాపు పదింతలు. ప్రతి కమిట్‌కూ కాకుండా రిలీజ్‌కు ముందు నడిపితే సరి.

నోటరైజేషన్ (యాప్‌ను యాపిల్‌కు పంపి తనిఖీ ముద్ర పొందడం) 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా నుంచి తప్పనిసరి. క్రమం ఇదీ: లోపలి లైబ్రరీలు, సహాయక బైనరీలకు ముందుగా, బయటి యాప్‌కు ఆఖర్న, హార్డెన్డ్ రన్‌టైమ్ అనే భద్రతా అమరికతో సంతకం చేయాలి. ఆపై డీఎంజీ (మ్యాక్ ఇన్‌స్టాల్ ఫైలు) కట్టి నోటరీటూల్‌తో యాపిల్‌కు పంపాలి, ఆమోదం రాగానే స్టేప్లర్‌తో టికెట్‌ను డీఎంజీకి అంటించాలి. జిప్ ఫైలుకు టికెట్ అంటించడం కుదరదు. అంటించని యాప్‌ను ఇంటర్నెట్ లేని మెషీన్‌లో మొదటిసారి తెరిస్తే మొరాయిస్తుంది. తిరస్కరణకు మామూలు కారణం లోపల ఎక్కడో సంతకం లేకుండా మిగిలిపోయిన ఒక చిన్న బైనరీ. నోటరీటూల్ లాగ్‌లో దాని పేరు ఉంటుంది.

ఇవేవీ చేయకుండా ఫైలు పంపితే "యాప్ పాడైంది, ట్రాష్‌లో వేయండి" అనే అర్థంలో హెచ్చరిక రావచ్చు. ఫైలు బాగానే ఉంటుంది, కస్టమర్ మాత్రం మీరు వైరస్ పంపారనుకుంటాడు. ఇదివరకు కంట్రోల్ నొక్కి తెరిచే అడ్డదారి ఉండేది, 2024లో వచ్చిన మ్యాక్ ఓఎస్ సెకోయాలో దాన్ని తీసేశారు. ఇప్పుడు సెట్టింగుల్లోని ప్రైవసీ, సెక్యూరిటీ పేజీ దాకా వెళ్లాలి.

ఇంటెల్ మ్యాక్‌ల కాలం అయిపోవస్తోంది. మ్యాక్ ఓఎస్ 26 టహో వాటికి ఆఖరి వెర్షన్, ఇంటెల్ యాప్‌లను కొత్త మ్యాక్‌లలో నడిపే రోసెట్టా మామూలు యాప్‌లకు 27 దాకా ఉంటుందని యాపిల్ చెప్పింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యాపిల్ సిలికాన్ (యాపిల్ సొంత చిప్‌ల) బిల్డ్‌నే ముఖ్యంగా పెట్టుకుని, కస్టమర్లలో ఇంటెల్ వాళ్లుంటేనే రెండు రకాల చిప్‌ల మీదా నడిచే యూనివర్సల్ బైనరీ కట్టాలి. యాపిల్ సాధారణంగా చివరి మూడు వెర్షన్లకు భద్రతా అప్‌డేట్లు ఇస్తుంది. మీ హామీ కూడా ఆ మూడింటికే ఉండనివ్వండి.

లినక్స్: ఒకటి కాదు, కొన్ని

"లినక్స్‌కు మద్దతు ఉంది" అని రాయకండి, "ఉబుంటు 22.04, 24.04" అని రాయండి. చేతులు కాల్చుకునే మొదటి చోటు జీలిబ్‌సీ, అంటే లినక్స్ ప్రోగ్రాములు దాదాపు అన్నీ ఆధారపడే మూల లైబ్రరీ. కొత్త మెషీన్‌లో బిల్డ్ చేసింది పాత మెషీన్‌లో జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదంటూ ఆగిపోతుంది. ఉబుంటు 20.04లో 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39, ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ లినక్స్) 8లో 2.28, 9లో 2.34. మీరు హామీ ఇచ్చే వాటిలో అతి పాతదాని మీదే బిల్డ్ చేయాలన్నది సూత్రం. ఆర్‌హెచ్‌ఈఎల్ 8తో సరిపోయే ఆల్మాలినక్స్ 8 కంటైనర్‌లో (విడిగా నడిచే చిన్న లినక్స్ పరిసరంలో) బిల్డ్ చేస్తే పైవాటన్నిటి మీదా జీలిబ్‌సీ గొడవ ఉండదు.

ప్యాకేజీ రూపాల్లో డెబ్ (ఉబుంటు, డెబియన్‌ల ఇన్‌స్టాల్ ఫైలు) ఒక్కటే మొదట చాలు. ఒకే ఫైలుగా వచ్చే యాప్ఇమేజ్ అన్నిచోట్లా నడుస్తుందని పేరు గానీ ఉబుంటు 22.04 నుంచి దానికి కావాల్సిన ఫ్యూజ్ 2 లైబ్రరీ ముందే ఉండదు. 24.04లో యాప్ఆర్మర్ (ప్రోగ్రాముల అనుమతులను కట్టడి చేసే భాగం) నిబంధన వల్ల ఎలక్ట్రాన్ యాప్ఇమేజ్‌లు శాండ్‌బాక్స్ (యాప్‌ను విడిగా బంధించే రక్షణ) లోపం చూపి ఆగిపోతాయి. శాండ్‌బాక్స్ ఆపేసి నడపమని కస్టమర్‌కు చెప్పడం చేతకాని వైద్యం. డెబ్‌లో యాప్ఆర్మర్ ప్రొఫైల్ కూడా ఇవ్వవచ్చు. ఎలక్ట్రాన్ లాంటిదే అయిన టారీ వాడేవాళ్లకు ఇంకో మెలిక: టారీ 1 అడిగే వెబ్‌కిట్ 4.0 లైబ్రరీ 24.04లో లేదు, టారీ 2 అడిగే 4.1 లైబ్రరీ 22.04 నుంచే ఉంది. రెండు ఉబుంటులకూ ఒకే బిల్డ్ కావాలంటే టారీ 2కు మారాలి.

లినక్స్‌లో విండోలను తెర మీద చూపే కొత్త వ్యవస్థ వేలాండ్‌లో యాప్ తన విండోను తెర మీద కోరుకున్న చోట పెట్టుకోలేదు. తెర బొమ్మ తీయడం, సిస్టం అంతటా పనిచేసే షార్ట్‌కట్ కీలు పోర్టల్ (యూజర్ అనుమతి అడిగే మధ్యవర్తి) ద్వారా వెళ్లాలి. క్యాషియర్ తెర ఒకటి, కస్టమర్ తెర ఒకటి చూపే బిల్లింగ్ యాప్‌లకు మొదట దెబ్బ ఇక్కడే తగులుతుంది.

డెస్క్‌టాప్ లినక్స్ అడిగేది ఎక్కువగా ప్రభుత్వ, విద్యా టెండర్లు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసే బాస్ లినక్స్ డెబియన్ మీద కట్టింది, కాబట్టి డెబ్ ప్యాకేజీ పాత జీలిబ్‌సీ మీద బిల్డ్ అయి ఉంటే అదనపు పని కొద్దే. టెండర్‌లో ఏ వెర్షనో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. తెలుగులో లినక్స్ తేవడానికి పనిచేసిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌దే. పరీక్షించిపెట్టే చేతులు కావాలంటే అలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఆసక్తి ఉన్నవాళ్లు దొరుకుతారు.

తెలుగు పెట్టే పరీక్ష

ఇంగ్లీషు అక్షరాలతో పరీక్షించి "మూడు ఓఎస్‌లలోనూ బాగుంది" అనుకున్నది తెలుగు ఎక్కగానే మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు ముడిపడిన ఒక అక్షర కూర్పు ఐఫోన్లను, మ్యాక్‌లను కూల్చేసింది. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఓఎస్ చేసేవాళ్లే జారిపడే చోటు ఇది.

కంటికి కనబడని ఉదాహరణ మన ఊరి పేరులోనే ఉంది. "హైదరాబాద్"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: 0సీ48 అనే ఒకే గుర్తుగా, లేదా ఎత్వం 0సీ46, దాని పక్కన 0సీ56 అనే రెండు గుర్తులుగా. చూడ్డానికి ఒకటే, బైట్లు వేరు. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ ఫైలు పేర్లను విడగొట్టిన రూపంలోనే దాచేది. ఇప్పటి ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్నే ఉంచుతుంది గానీ మ్యాక్ లైబ్రరీలు విడగొట్టి ఇచ్చే సందర్భాలున్నాయి. ఆ ఫైలును లినక్స్ సర్వర్‌కు ఎక్కించి "హైదరాబాద్" అని వెతికితే దొరకదు. శైలజ, సైదులు, మైలవరం, కైకలూరు అన్నిటికీ ఇదే గతి. డేటాబేస్‌లోకి వెళ్లే ప్రతి తెలుగు పదాన్నీ, పోల్చే ముందు ప్రతి ఫైలు పేరునూ ఎన్‌ఎఫ్‌సీ (కలిపి రాసే) రూపంలోకి మార్చండి. ఒక్క ఫంక్షన్ పని.

విండోస్‌లో తెలుగుకు పాత తరహా ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌పేజీ (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టిక) లేదు. అందువల్ల పాత ఏఎన్‌ఎస్‌ఐ ఫంక్షన్లు వాడే సీ లైబ్రరీకి తెలుగు పేరున్న ఫోల్డర్ ఇస్తే ప్రశ్నార్థకాలే మిగులుతాయి, ఫైలు తెరుచుకోదు. విండోస్ 10 1903 నుంచి మానిఫెస్ట్‌లో యూటీఎఫ్-8ని ప్రకటించుకునే వీలుంది. 7లో లేదు. యూజర్ పేరు తెలుగులో పెట్టిన ఒక మెషీన్ మీ పరీక్షల్లో ఎప్పుడూ ఉండాలి.

ఫాంట్లను ఓఎస్‌కు వదిలేయకండి. విండోస్ 7లో గౌతమి, వాణి, ఆ తర్వాత నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్, లినక్స్‌లో లోహిత్ లేదా నోటో. కొలతలు వేరువేరు కాబట్టి "స్త్రీ", "లక్ష్మి" ఒకచోట సరిపోయి ఇంకోచోట కింద తెగిపోతాయి. నోటో సాన్స్ తెలుగునో మండలినో యాప్‌తోపాటే ఇవ్వండి, వాటి లైసెన్సు ఒప్పుకుంటుంది. థర్మల్ ప్రింటర్లలో తెలుగు కోడ్‌పేజీ ఉంటుందని ఆశపడకండి, బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. మామూలు 203 డీపీఐ ప్రింటర్‌లో 58 మిల్లీమీటర్ల కాగితానికి 384 చుక్కల వెడల్పు, 80కి 576. ఆ బొమ్మను మీ యాప్‌లోని ఫాంట్‌తోనే గీస్తారు కాబట్టి అన్ని ఓఎస్‌లలో బిల్లు ఒకేలా వస్తుంది.

డీటీపీ సెంటర్లకు అమ్మేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. అక్కడ అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ల రాజ్యం. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, లోపల ఉండేది ఇంగ్లీషు కోడ్‌లే. వాళ్లకు విండోస్ ఒక్కటి చేసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిని చక్కగా చేసిపెడితే రెండో ఓఎస్ గురించి ఎవరూ అడగరు.

బ్రౌజర్‌లో పెట్టేస్తే పోలేదా?

పరికరాలు లేని చోట పోతుంది. స్కూలు ఫీజులు, అపాయింట్‌మెంట్లు, నివేదికల లాంటివాటికి వెబ్ యాపే సరైన జవాబు. కాటా, టోకెన్ రాగానే మళ్లీ మొదటికొస్తుంది. బ్రౌజర్ నుంచి సీరియల్ పోర్టును వాడనిచ్చే వెబ్ సీరియల్ క్రోమ్, ఎడ్జ్‌లలో ఉంది, సఫారీలో లేదు. సఫారీలో ఇంకో ప్రమాదం: సఫారీని వాడిన రోజుల్లో ఏడు రోజులపాటు ముట్టుకోని సైటు బ్రౌజర్‌లో దాచిన డేటాను అది తుడిచేస్తుంది. ఆఫ్‌లైన్‌లో బిల్లులు దాచి తర్వాత పంపే పద్ధతి ఉంటే కస్టమర్ మీ సైటు తెరవకుండా సఫారీలో వేరే పనులు చేసుకుంటూ ఏడు రోజులు గడిపితే బిల్లులు ఉండకపోవచ్చు. హోం స్క్రీన్‌కు చేర్చుకున్న వెబ్ యాప్‌లకు ఈ నియమం వర్తించదు.

ఆండ్రాయిడ్‌ను "ఇంకో ఓఎస్" అనుకుని చేర్చకండి, అది ఇంకో ఉత్పత్తి. ప్లే స్టోర్ నమోదు 25 డాలర్లు ఒక్కసారే, కానీ లక్ష్య ఏపీఐ స్థాయిని (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కోసం కట్టిందో చెప్పే అంకెను) ఏటా పెంచుతూ పోవాలి. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకూ అప్‌డేట్లకూ అది 35. యజమాని ఇంటి నుంచి అమ్మకాలు చూసుకునే చిన్న యాప్ వరకు చేస్తే విలువ ఎక్కువ, బాధ్యత తక్కువ.

ఎవరికి ఏది

మెడికల్ షాపు, కిరాణా, హోల్‌సేల్: విండోస్ 10, 11 మాత్రమే. మిగిలిన బలమంతా పరికరాల మీద పెట్టండి. క్లినిక్‌లు, ల్యాబులు: రిసెప్షన్‌లో విండోస్ యాప్, డాక్టర్‌కు వెబ్ పేజీ. ఇలా చేస్తే డాక్టర్ మ్యాక్ తెచ్చుకున్నా మీకు మ్యాక్ బిల్డ్ అక్కర్లేదు. స్కూళ్లు, కాలేజీలు: వెబ్, ల్యాబుల కోసం అవసరమైతే ఉబుంటు డెబ్. డిజైన్, ఆడియో, వీడియో పనివాళ్లు: మ్యాక్ మొదట, విండోస్ తర్వాత.

మాదాపూర్, గచ్చిబౌలి ఇంజినీర్లకు డెవలపర్ టూల్స్ అమ్మేవాళ్లకు మాత్రం మూడూ మొదటి రోజు నుంచే కావాలి. అదృష్టవశాత్తూ కమాండ్ లైన్ టూల్‌కు అది చవక. గోలో సీగో (సీ భాష కోడ్‌ను కలిపే సదుపాయం) ఆపేసి కట్టిన బైనరీకి జీలిబ్‌సీతో పనిలేదు, రస్ట్‌లో జీలిబ్‌సీకి బదులు వాడే మజిల్ లక్ష్యంతో అదే ఫలితం వస్తుంది. ఇబ్బంది పెట్టేది విండోసే: ఫైలు దారికి 260 అక్షరాల పరిమితి, డెవలపర్ మోడో అడ్మిన్ హక్కులో లేనిదే కుదరని సిమ్‌లింకులు (ఫైలుకు దారి చూపే గుర్తులు), నడుస్తున్న ఫైలును మార్చనివ్వని తాళం, గిట్ మార్చేసిన వరుస ముగింపుల వల్ల పగిలే షెల్ స్క్రిప్టులు. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ ఉందిగా అని నేటివ్ విండోస్‌ను వదిలేస్తే డాట్‌నెట్ జనాన్ని వదిలేసినట్టే.

హామీని వెనక్కి తీసుకునేటప్పుడు

ఒప్పందంలో మొదటి రోజే ఒక వాక్యం రాయండి: ఓఎస్ తయారీదారు భద్రతా మద్దతు ముగిశాక ఆరు నెలలకు మా మద్దతు ముగుస్తుంది. ఆ తేదీ ఏఎంసీ పునరుద్ధరణ మధ్యలో పడితే పునరుద్ధరణ రోజుకు జరపండి, డబ్బు కట్టిన నెలలోనే మద్దతు తీసేశారన్న మాట రాదు. చివరి వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను, దాని సంతకాన్ని, డేటాబేస్ నమూనాను దాచిపెట్టండి. పాత మెషీన్ ఫార్మాట్ చేసిన రోజు కస్టమర్ మీ దగ్గరికే వస్తాడు.

అన్నిటికంటే ముందు అప్‌డేట్ సర్వర్‌ను సరిచేయండి. ఫలానా బిల్డ్‌కు కనీసం ఏ ఓఎస్ కావాలో ఫీడ్‌లో (అప్‌డేట్ల జాబితాలో) రాసి, అడుగుతున్న మెషీన్ వెర్షన్ చూశాకే అప్‌డేట్ ఇవ్వాలి. ఆ తనిఖీ ఇన్‌స్టాలర్‌లో కూడా, పాత ఫైళ్లను తీసేసే దశకు ముందు ఉండాలి. ఈ రెండూ లేకపోతే విండోస్ 7 మెషీన్ రాత్రికి రాత్రి తనంతట తాను కొత్త బిల్డ్ ఎక్కించుకుంటుంది, పొద్దున్న పది గంటలకు షట్టర్ తీసిన దుకాణంలో ఒక డీఎల్‌ఎల్ దొరకలేదన్న పెట్టె తప్ప ఇంకేమీ రాదు. పాత వెర్షన్‌కు తిరిగి వెళ్దామంటే కొత్త బిల్డ్ అప్పటికే డేటాబేస్‌ను మార్చి ఉండవచ్చు. అందుకే డేటాబేస్ మార్పును ఇన్‌స్టాలర్‌లో పెట్టకుండా, యాప్ విజయవంతంగా తెరుచుకున్నాక, బ్యాకప్ తీసి చేయించండి.